సిరిమాను దారిలో మేడకిటికీ

నాకు ఎవరిమీదైనా కుళ్ళు పుడితే దాచుకోవడం రాదు. మూతి ముడుచుకుపోతుంది, చేతిలో ఉన్న గుడ్డ గట్టిగా తిరుగుతుంది. నీకు ఒళ్ళు మండిన రోజు కిటికీలు మరీ మెరుస్తాయే అని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. నిజమే. మా తోటికోడలు నాతో పాటు పనిలోకి దిగిన దగ్గరనుంచి విజయనగరంలో పాత కిటికీలన్నీ తెగ మెరుస్తున్నాయి.

మాది కిటికీలు తుడిచే పని. ఇదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. నేను వెళ్ళేది ఇప్పటి జారుడు గాజు కిటికీలకు కాదు, వాటిని ఎవరైనా తుడుచుకోవచ్చు. నావి తాతలనాటి టేకు కిటికీలు. బయట ఇనపచువ్వలు, లోపల రెండు రెక్కలు, రెక్కల్లో అడ్డంగా సన్నటి చెక్కపలకలు. మధ్యలో ఉన్న నిలువు పుల్లను కిందికి లాగితే పలకలన్నీ ఒక్కసారే కళ్ళు తెరిచినట్టు తెరుచుకుంటాయి. పైన రంగు అద్దాల ముక్కలు. మా మామగారు వడ్రంగి. ఇలాంటి కిటికీలు బాగుచేయడానికి వెళ్తూ, దులపడానికీ నూనె పట్టించడానికీ నన్ను వెంట తీసుకెళ్ళేవారు. ఆయన పోయాక ఉలి పట్టేవాళ్ళు లేకపోయారు గానీ, గుడ్డ పట్టిన నన్ను మాత్రం జనం పిలవడం మానలేదు. వానలు వెళ్ళాక, పెళ్ళిళ్ళ ముందు, పండగల ముందు ఫోన్లు వస్తాయి. గజపతినగరం వెళ్తాను, నరసన్నపేట వెళ్తాను, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేస్తాను.

ఈ పనిలో ఉన్న కిటుకల్లా నీళ్ళకు దూరంగా ఉండడమే. దుమ్ము మీద నీళ్ళు పడితే బురదై పలకల సందుల్లో దూరుతుంది, ఇక అది రాదు. ముందు కొబ్బరిపీచుతో పొడిగా దులపాలి. జిడ్డు ఉన్నచోట కుంకుడుకాయ రసంలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఆరాక అవిసె నూనె. రెక్క అంచులకు కొవ్వొత్తి ముక్క రుద్దితే ఎంత ముసురులోనైనా పట్టెయ్యకుండా తెరుచుకుంటుంది. నేను తుడిచిన కిటికీ తెరుచుకోలేదన్న మాట ఏ ఇంట్లోనూ వినలేదు. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే చెప్తున్నాననుకున్నా నాకేం ఫర్వాలేదు.

మా తోటికోడలిది శ్రీముఖలింగం దగ్గర ఏటిఒడ్డు పల్లె. మా మరిదిని చేసుకుని వచ్చింది. అతను లారీ మీద వెళ్తే వారానికి గానీ ఇంటికి రాడు. పిల్ల ఒక్కతే గోడలు చూసుకుంటూ కూర్చుంటోందని జాలిపడి నేనే పనికి తీసుకొచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. పని నేర్చుకుంది, నేర్చుకోలేదని అనను. కానీ దానికి చెయ్యి కంటే నోరు ముందు కదులుతుంది. ఏ ఇంటికి వెళ్ళినా అరగంటలో ఆ ఇంటి ఇల్లాలి పుట్టిల్లు ఎక్కడో, పిల్లలేం చదువుతున్నారో, మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె రాస్తున్నారో అన్నీ అడిగేస్తుంది. నేను ఇన్నాళ్ళుగా వెళ్తున్న ఇళ్ళలో ఎవరికి మోకాళ్ళ నొప్పులున్నాయో నాకు తెలియదు. కిటికీలకు ఏ నొప్పులున్నాయో తెలుసు.

నరసన్నపేటలో ఒక బియ్యం వ్యాపారుల ఇంట్లో నాకెప్పుడూ కాఫీ అరుగు మీదికే వచ్చేది. మా తోటికోడలు రెండోసారి వెళ్ళేసరికి దాన్ని వంటింట్లో పీటేసి కూర్చోబెట్టారు. నేను బయట చువ్వలు తుడుస్తుంటే లోపల్నుంచి ఉల్లిపాయల వాసన, దాని కబుర్లు, ఇల్లాలి కిలకిలలు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలనుకున్నాను. పోనీ పని ఎగ్గొట్టిందని తిట్టడానికైనా లేదు, కబుర్లాడుతూనే వంటింటి కిటికీ తుడిచేసింది. దాని ఫోన్లో కిటికీ తుడవక ముందు ఒక ఫోటో, తుడిచాక ఒక ఫోటో తీసి స్టేటస్‌లో పెడుతుంది. తర్వాత్తర్వాత కొన్ని ఫోన్లు నాకు రావడం మానేసి దానికి రావడం మొదలుపెట్టాయి. అది దాచలేదు, అక్కా ఫలానా ఇంటికి రమ్మన్నారు అని నాకే చెప్పేది. దాచినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మేడకిటికీ.

విజయనగరంలో అమ్మవారి గుడి నుంచి కోటకు వెళ్ళే దారిలో ఒక పాత మేడ ఉంది. పెద్ద వ్యాపారులు ఒకప్పుడు. ఇప్పుడు కింద బట్టల కొట్టుకి అద్దెకిచ్చి, పైన పెద్దావిడా కొడుకూ కోడలూ ఉంటారు. ఆవిణ్ణి అందరం మామ్మగారనే అంటాం. కాళ్ళు సరిగా కదలవు, నోరు మాత్రం బాగా కదులుతుంది. ఆ మేడమీద వీధివైపు గదిలో నిలువెత్తు కిటికీ ఒకటుంది. దసరా వెళ్ళాక అమ్మవారి పండగలో సిరిమాను, అంటే బండికి బిగించి పైకెత్తిన పొడవాటి చింతమాను, ఆ వీధినే వెళ్తుంది. దాని చిటారుకొమ్మన అమ్మవారి రూపుగా కూర్చున్న పూజారి సరిగ్గా ఆ కిటికీ ఎత్తున కళ్ళముందునుంచి సాగిపోతాడు. కిందనున్న లక్షలమంది మెడలు విరిగేలా పైకి చూస్తుంటే, ఆ కిటికీలో నిలబడ్డవాళ్ళు అమ్మవారిని ఎదురెదురుగా చూస్తారు. చువ్వల మధ్యనుంచి అరటిపళ్ళు విసిరి దండం పెట్టుకుంటారు.

ఆ కిటికీకి ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సిరిమానుకు ముందురోజు, తొలేళ్ళనాడు, కిటికీ గట్టుకు గుమ్మానికి రాసినట్టే పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాలి. ఇంటివాళ్ళు కాదు, ఆ యేడు కిటికీ తుడిచిన చెయ్యే పెట్టాలి. మర్నాడు ఆ చేతి మనిషి మామ్మగారి కుర్చీ పక్కన నిలబడి, సిరిమాను వచ్చే వేళకు రెక్కలు తెరిచి, మొదటి పండు విసరాలి. మామ్మగారి అత్తగారి కాలంలో తుడిచిన పనిమనిషిని కిందికి పంపేస్తే ఆ యేడంతా ఇంట్లో జబ్బులేనట. అప్పట్నుంచి అలా నడుస్తోంది. మామగారితో వెళ్ళిన రోజులనుంచీ ఆ పసుపు పెట్టింది నేను. ఆ రెక్కలు తెరిచింది నేను. మిగతా యేడంతా ఎవరింట్లో అరుగుమీద కాఫీ ఇచ్చినా నాకు పట్టేది కాదు. ఆ ఒక్కపూట ఊరు ఊరంతా కిందుంటే నేను పైన ఉండేదాన్ని.

ఈ యేడు దసరాకు ముందు ఇద్దరం వెళ్ళి మేడ కిటికీలన్నీ తుడిచాం. వీధికిటికీ నేనే చేశాను, పలక పలకా తీసి చూసినట్టు చేశాను. అంచులకు కొవ్వొత్తి రుద్దుతుంటే మామ్మగారు మంచం మీదనుంచి చాలా మామూలుగా అన్నారు.

"ఈ యేడు పసుపు సిన్నదాని సేత పెట్టిస్తానే. అదీ నీతో తుడిసిందే కదా, గుంట ముచ్చటపడతన్నాది. నువ్వెప్పుడూ సూసేదే కదా."

తోటికోడలు కంగారుపడి, వద్దు మామ్మగారూ, అక్కే పెట్టాలి అని అంటూనే ఉంది. కానీ దాని ముఖం చూశాను. తీర్థంలో గాజుల కొట్టు ముందు నిలబడ్డ పిల్ల ముఖంలా ఉంది. నేనేమన్నాను? మీ ఇష్టం మామ్మగారూ అన్నాను. పైకి అంతే అన్నాను. లోపల మాత్రం తిట్లన్నీ బారులు తీరాయి. వాళ్ళ ఊరి ఏటిని కూడా వదల్లేదు.

ఇంటికొచ్చాక మా ఆయనతో చెప్తే, పోనీలేవే చిన్నపిల్ల ఒక్క యేడు నిలబడితే ఏమవుతుంది అన్నాడు. ఏమవుతుందా? ఒక్క యేడు నిలబడ్డవాళ్ళు రెండో యేడు పక్కకు తప్పుకున్నది ఎక్కడైనా చూశాడా ఆయన? నాకు ఆ రాత్రి కూర ఎలా ఉందో కూడా తెలియలేదు. తర్వాత దాంట్లో ఉప్పే వెయ్యలేదని తెలిసింది.

తొలేళ్ళనాడు నాకు గజపతినగరంలో పని ఒప్పుకుని ఉంది. మానుకోవచ్చు, మానుకోలేదు. అది పసుపు పెడుతుంటే పక్కన నిలబడి చూసేంత గుండె నాకు లేదు. వెళ్ళేముందు అది నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, ఎంత కుళ్ళున్నా పని విషయంలో అబద్ధం చెప్పే అలవాటు లేదు. పసుపు పొడిపొడిగా కలిపి గట్టుమీద వేలితో రాస్తే చాలు. ఆ మాట చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు, ఎప్పుడూ పెట్టేది నేనే కాబట్టి.

సిరిమాను రోజు మా ఆయన, నేను, మా పిన్నత్తగారి కుటుంబం అంతా వెళ్ళి సరిగ్గా ఆ మేడకు ఎదురు వరుసలో నిలబడ్డాం. అక్కడే ఎందుకు నిలబడాలని మా ఆయన అడగలేదు. పెళ్ళాం సంగతి ఆయనకు తెలుసు. జనం ఇసకేస్తే రాలడం లేదు. చెమట, పూలు, నలిగిన అరటిపళ్ళ వాసన. పక్క మేడల కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఒక్కో చువ్వకూ ఒక్కో ముఖం. మామ్మగారి కిటికీ మాత్రం మూసి ఉంది.

మొదట, ఇంకా వేళ కాలేదని మూశారేమో అనుకున్నాను. సిరిమానుకు ముందు నడిచే పాలధార వెళ్ళింది, బెస్తల వల వెళ్ళింది, ఏనుగు బండి వెళ్ళింది. వీధి మొదట్లో హోరు లేచింది. సిరిమాను వస్తోంది. కిటికీ తెరుచుకోలేదు. రెక్కలు ఒక్కసారి లోపల్నుంచి కదిలినట్టయ్యాయి, మళ్ళీ కదిలాయి. ఎవరో లాగుతున్నారు. రెండు రెక్కలూ కలిసేచోట పచ్చటి చార పైనుంచి కిందిదాకా కనిపించింది. అప్పుడర్థమైంది నాకు. మా తోటికోడలు కిటికీ కడిగేసింది. గట్టుకే కాదు, రెక్కల అంచులకు కూడా తడిపసుపు పూసి మూసేసింది. ముసురు రోజులు, చెక్క నీళ్ళు తాగి ఉబ్బి బిగుసుకుపోయింది.

నాకు సంతోషమేసింది. ఎందుకు అబద్ధమాడాలి, కడుపులో చల్లగా అనిపించింది. చెయ్యెత్తి అమ్మవారికి దండం పెట్టాను గానీ నా కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి పోయిందంటే పోయింది, ఇంకా ఉంది. ఇప్పుడు నాకు ఫోన్ చేస్తారు. చెయ్యక ఏం చేస్తారు? కిందిమూల దగ్గర అరచేతి మొదలుతో ఒక దెబ్బ, పైన గొళ్ళెం దగ్గర ఒక దెబ్బ, నాకు తెలిసిన దెబ్బలు అవి. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మెట్లెక్కుతాను, అందరూ పక్కకు తప్పుకుంటారు, కిటికీ తెరుచుకుంటుంది, మామ్మగారు నా వైపు చూస్తారు. ఆ చూపు ఎలా ఉంటుందో కూడా అనుకున్నాను. ఫోన్ జాకెట్లోంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఫోన్ మోగలేదు. సిరిమాను కోటవైపునుంచి తిరిగొచ్చింది. ఈసారి రెక్కలు కదల్లేదు. పలకలు కదిలాయి. అడ్డపలకలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆ సందుల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి. ముడతలు పడ్డ వేళ్ళు ఒక వరుసలో, వాటి కింద గాజుల చేతి వేళ్ళు ఒక వరుసలో. ఆ సన్నటి సందులోంచి ఒక అరటిపండును తొయ్యాలని చూస్తున్నారు. పండు పట్టదు. పట్టకపోతే నలిపి తోశారు. సగం చువ్వకు అంటుకుంది, సగం కింద బందోబస్తులో ఉన్న పోలీసాయన టోపీ మీద పడింది. ఆయన తల ఎత్తి చూశాడు. పలకలు టక్కున మూసుకున్నాయి. ఒక్క క్షణం ఆగి మళ్ళీ తెరుచుకున్నాయి, మళ్ళీ వేళ్ళు, మళ్ళీ పండు. మా పిన్నత్తగారు అది చూసి పగలబడి నవ్వింది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేను ఫోన్ జాకెట్లో పెట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న తోటికోడలు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది. కిటికీ పట్టేసిందక్కా, నువ్వు తుడిచింది పాడుచేశాను అంది.

"అమ్మోరికి పసుపు రాసే కిటికీ కదక్కా. మా ఊర్లో గడపైనా కడక్కుండా పసుపెట్టరు. ఒట్టి సెక్కకి ఎలా రాసీగలను?" అంది.

బిందెలకొద్దీ నీళ్ళు పోసి కడిగిందట. నేను పట్టించిన నూనె జిడ్డనుకుని పీచుతో తోమేసిందట. కొవ్వొత్తి మైనం కూడా గోటితో గీకేసి, ఆ అంచులకు పసుపు పట్టించి, దిష్టి తగలకుండా మూసేసిందట. భక్తితో చేసిన తప్పు, దాన్ని ఏమని తిట్టను? తిట్లన్నీ రెడీగా పెట్టుకుని కూడా ఒక్కటీ వాడలేకపోయాను. ఏడుస్తూనే మధ్యలో దానికి నవ్వొచ్చింది. ఫోన్ తీసి వీడియో చూపించింది. మామ్మగారి కోడలు తీసిందట. కుర్చీని కిటికీకి ఆనించి, మామ్మగారు పలకల సందుకు కన్ను పెట్టి, కనిపించిందే, కనిపించిందే అంటున్నారు. తోటికోడలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇంకో సందుకు కన్ను పెట్టింది. పోలీసు టోపీ మీద పండు పడ్డప్పుడు ఇద్దరూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. మామ్మగారి కట్టుడుపళ్ళు జారిపోతే తోటికోడలు కొంగులో పట్టుకుంది. అందుకు ఇద్దరికీ ఇంకా నవ్వు. ఆ ఇంట్లో అన్నేళ్ళు తిరిగాను, ఆవిడకు కట్టుడుపళ్ళని నాకు తెలియదు.

సంచీ తీసుకుని దాంతో పాటు వెళ్ళాను. నేను వెళ్తేగానీ ఆ కిటికీ రాదు, ఆ మాట అందరికీ తెలియాలి. మామ్మగారు కిటికీ పక్కనే కుర్చీలో ఉన్నారు. పలకల సందుల్లోంచి ఎండ ఆవిడ చీర మీద గీతలుగా పడుతోంది. నేను కిందిమూల తడిమి చూశాను. ఎంత బిగుసుకుందో చేతికే తెలిసింది. గంట పని. కొవ్వొత్తి, సన్నరేకు బయటికి తీశాను.

"ఉండనియ్యవే. ఎండలు కాస్తే అదే వస్తాది," అన్నారు మామ్మగారు.

గంటలో అయిపోతుంది మామ్మగారూ, మీకు గాలి రావద్దా అన్నాను.

"ఇన్నేళ్ళూ నువ్వు ఇట్టే తెరిసేసేదానివి. సిరిమాను ఎల్లిపోయేది, నువ్వూ ఎల్లిపోయేదానివి. నిన్న నవ్వలేక నా కడుపు సెక్కలైపోయిందే. అలాటి పూట నాకు మల్లీ వస్తాదేటి? దాన్నలాగే ఉండనియ్యి."

ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. ఎంతో మంచిగా అన్నారు. తోటికోడలు నా మోచెయ్యి పట్టుకుని, నువ్వు తెరిచెయ్యి అక్కా, మామ్మగారికి నేను చెప్తాను అని గుసగుసగా అంది. ఆవిడ దగ్గర నా తరఫున అది మాట్లాడుతుందట. పుండు మీద కారం అంటే అదే. చెయ్యి విడిపించుకుని, కొవ్వొత్తి సంచీలో వేసుకుని, మిగతా కిటికీలు ఒకసారి చూసి వెళ్తానన్నాను. చూడ్డానికేమీ లేదు. అయినా గదిగదికీ తిరిగి తెరిచి మూసి చూశాను. అన్నీ ఇట్టే తెరుచుకున్నాయి.

చలి ముదిరాక, గాలి పొడిబారాక, ఒకరోజు నరసన్నపేటలో పనిలో ఉండగా తోటికోడలి ఫోన్ వచ్చింది. ఆ రోజు అది మామ్మగారి కాళ్ళకు నూనె రాయడానికి వెళ్ళిందట. ఈ మధ్య తరచూ వెళ్తోంది, పని ఉన్నా లేకపోయినా.

"అక్కా, ఈయేళ పొద్దున్న కిటికీ దానంతటదే వచ్చేసింది. నీకు సెప్పమన్నారు మామ్మగారు," అంది.

అలాగా, మంచిదే అన్నాను. దాని మాటల వెనక ఆవిడ నవ్వు వినిపించింది. నన్ను చూసి నవ్వే మనిషి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. నన్ను చూసి నవ్వుకున్నా బాగుండేది.